హంపమ్మ మిషను, నా గాలం కర్ర

ఈ కథలో గాలం ఉంది, కాలువ ఉంది, చేపల మీద ఆశ ఉంది. చేప మాత్రం ఒక్కటీ చావదు. నష్టమంతా ఇంట్లోనే జరుగుతుంది. నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే రూపనగుడి నుంచి బళ్ళారి దాకా వస్తాయి గానీ, వాటన్నిటికీ పెద్దరెడ్డిలా ముందు నిలబడేది ఇదే. నవ్వుకుంటూ చదవండి, నాకేం అభ్యంతరం లేదు. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, దానికీ అభ్యంతరం లేదు. ఇంట్లో అలవాటే.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. తుంగభద్ర కాలువ పనులు చూసే ఒక ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. టెంపరరీ అంటే మూడు నెలలకొకసారి ఆర్డరు వస్తుంది. వచ్చేదాకా మెడ మీద తల ఉందో లేదో తడుముకుంటూ ఉండాలి. గాంధీనగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. అందులో నేను, మా అమ్మ, నా భార్య హంపమ్మ.

హంపమ్మ మా మేనమామ కూతురే. అందుకని నన్ను ‘బావా’ అనే పిలిచేది. చిన్నప్పటి నుంచి నా తెలివితేటలు ఎరుగును కాబట్టి నేను చెప్పేదాంట్లో సగమే నమ్మేది. ఆ సగం కూడా నమ్మకుండా ఉండాల్సింది.

ఆమె దగ్గర ఒక చేతి కుట్టుమిషను ఉండేది. ఊళ్ళో తాను సాకిన రెండు మేకల్ని అమ్మి, కంటోన్మెంట్‌లో దర్జీపని చేసే ఖాదర్ సాబు దగ్గర పాతది కొనుక్కుంది. ఆ మిషను తప్ప ఆ ఇంట్లో నాది కానిదీ, మా అమ్మది కానిదీ ఇంకొకటి లేదు. దాన్ని ఆమె చూసుకున్నట్టు నన్ను ఎవరూ చూసుకోలేదు. నూనె ముందు దానికి, తరవాత నా తలకి.

ఆ ఏడు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఒక కేంద్రంలో టీచరమ్మ పోస్టు పడింది. పర్మనెంటు పోస్టు. ఎనిమిదో తరగతి చదివి, చేతిలో పని ఉంటే చాలు. హంపమ్మ అర్జీ పెట్టింది. రెండు గంటల్లో ఒక పాప గౌను కుట్టి చూపించాలి, కేంద్రంలో మిషన్లు చాలవు కాబట్టి ఎవరి మిషను వాళ్ళే తెచ్చుకోవాలి అని కాగితం వచ్చింది. పరీక్ష దసరా మరునాడు. ఆరునెలలుగా ఆమె సాధన చేస్తూనే ఉంది. మా వీధిలో పిల్లలందరూ హంపమ్మ కుట్టిన గౌన్లతోనే తిరిగేవాళ్ళు. మగపిల్లలు కొందరు ఏడ్చారు కూడా.

కాగితం చదువుకున్న రోజు ఆమె అంది:

“బావా, నీ ఆర్డరు ఎప్పుడొస్తాదో ఏమో అని గుండె గుబగుబలాడే పన్లేదు ఇంక. నాకు ఈ పని దొరికితే మన ఇంట్లో ఒకరి కాలన్నా నేల మీద గట్టిగా ఉంటాది.”

మంచి మాట. ఏ మొగుడైనా సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం చురుక్కుమంది. పెళ్ళాం పర్మనెంటు, మొగుడు టెంపరరీ. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఈ చురుకు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకే చెబుతున్నాను.

ఇక మా ఇంజనీరుగారి సంగతి. మైసూరు వైపు మనిషి. మాట కన్నడం, మనసంతా చేపలు. ఆదివారం వస్తే కాలువ గట్టున గాలం వేసుకుని కూర్చునేవాడు. ఆ గాలం కర్ర అలాంటిలాంటిది కాదు. కంటోన్మెంట్ బంగళా ఖాళీ చేసి ఇంగ్లండుకు పోతూ ఎవరో దొర అమ్మిపోయినది. కర్ర పొడవునా ఇత్తడి రింగులు, వాటి గుండా గాలం దారం వెళుతుంది. రింగుల కాళ్ళని ఎర్ర పట్టుదారంతో కర్రకు చుట్టి, పైన వార్నిషు పూసి ఉంటుంది. చుట్టు పక్కన చుట్టు, మధ్యలో వెంట్రుక దూరే సందు కూడా ఉండదు.

దసరాకి వారం ముందు ఆ కర్ర మీదుగా ఆఫీసు జీపు వెళ్ళింది. ఇంజనీరుగారు మిగిలిన రింగుల్ని చేతిరుమాల్లో మూటగట్టుకుని, అస్థికలు తెచ్చినట్టు ఆఫీసుకు తెచ్చాడు. బల్ల మీద పెట్టి వాటివంక చూస్తూ కూర్చున్నాడు.

“ఇన్నేను మాడోదప్పా,” అన్నాడు నాతో. ఇంకేం చేసేది అని.

ఆయన ఊరికే అన్నాడు. ఊరికే విని ఊరుకోవచ్చు. కానీ పర్మనెంటు చేయాల్సిన వాళ్ళ లిస్టు ఆయన సంతకంతోనే పైకి వెళుతుందని ఆఫీసంతా చెప్పుకుంటున్న రోజులవి.

“నేను కట్టిస్తా సార్. కొత్త వెదురు తెచ్చి, ఈ రింగులే మళ్ళా ఏసి, దారం చుట్టిస్తా.”

“నినగె బరుత్తా?”

నీకు చేతనవునా అని అడిగాడు. నాకు చేతకాని పనుల పట్టీ రాస్తే ఇది మొదటి పేజీలోనే ఉంటుంది. “బరుత్తె సార్,” అన్నాను, చేతనవుతుందని. చేతకానమ్మకి చేష్టలెక్కువ అంటారు. చేతకానయ్యకి మాటలు కూడా ఎక్కువే.

మేదరవాళ్ళ వీధికి వెళ్ళి గట్టి వెదురు ఒకటి ఏరి తెచ్చాను. కణుపులు చెక్కాను, గాజుపెంకుతో గీకి నునుపు చేశాను. అంతవరకు బాగానే ఉంది. బజారులో ఎర్ర పట్టుదారం ఉండ కొన్నాను. అసలు గోస అక్కడ మొదలయింది.

చూసేవాళ్ళకి దారం చుట్టడం ఎంత పని అనిపిస్తుంది. ఎడమచేత్తో కర్ర, కుడిచేత్తో దారం, రింగు పట్టుకోవడానికి మూడో చెయ్యి, చుట్టు జారకుండా అదమడానికి నాలుగోది. దేవుళ్ళకి నాలుగు చేతులు ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు తెలిసింది. దారం వదులైతే చుట్టు జారుతుంది, బిగిస్తే పుటుక్కున తెగుతుంది. ఒకే రకం బిగువు ఉండాలి, మొదటి నుంచి చివరిదాకా. రెండు గంటలు కష్టపడి ఒక రింగు కడితే, తేలు కుట్టిన వేలికి కట్టిన గుడ్డలాగా తయారయింది.

మా అమ్మను పిలిచాను.

“అమ్మా, నువ్వు కట్టె తిప్పుతాండు, నేను దారం పట్టుకుంటా.”

“యా పక్కకు తిప్పల్ల?”

“నీ పక్కకు.”

“నా పక్క అంటే కుడా, ఎడమా?”

“యాదో ఒక పక్కకు, ఒకే పక్కకు తిప్పమ్మా.”

అమ్మ ఒకే పక్కకు తిప్పింది. మధ్యలో వీధిలో గాజులామె పోతూ ఉంటే అటు తిరిగి పలకరించింది. చెయ్యి కూడా అటే తిరిగింది. అరగంట చుట్టినదంతా నా ఒళ్ళోకి వచ్చి పడింది.

“ఇంత ఎర్రదారం ఒళ్ళో ఏసుకోని కూకుంటే పీర్లపండగ ఏషగానిలా ఉండావురా,” అని లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు నాలో యంత్రజ్ఞానం నిద్రలేచింది. అది పడుకునే ఉంటే లోకానికి మంచిది. సబ్బుల చెక్కపెట్టె ఒకటి తెచ్చి, ఎదురెదురు పక్కలకు రెండు గాడులు కోశాను. గాడుల్లో పాత కంబళి ముక్కలు అంటించాను, కర్ర గీసుకుపోకుండా. కర్ర అందులో పడుకుంది. ఒక చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతోంది. ఇక బిగువు సంగతి. దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాగి, పుస్తకం మీద బరువు పెడితే సరిపోతుందని తోచింది. మా ఇంట్లో లావుపాటి పుస్తకం ఒకటే ఉంది, అమ్మ పంచాంగం. దాని మీద రోలు పొత్రం ఎత్తిపెట్టాను.

నిజం చెప్పాలంటే కొంతసేపు బాగా పనిచేసింది. తరవాత దారం పేజీలను రంపంలా కోసింది. సాయంత్రం అమ్మ తిథి చూడబోయి పంచాంగం నా ముందుకు తెచ్చింది.

“నా ఏకాదశి యాడ పోయెరా?”

“అట్లే ఉండాది కదమ్మా.”

“సగమే ఉండాది. సగం ఏకాదశికి సగం ఉపాసం చేయల్లా?”

హంపమ్మ మిషను మీద నుంచి తలెత్తకుండా నవ్వింది. “బావా, నువ్వు సుమ్నే ఉండరాదా. ఆయప్ప కట్టె ఆయప్ప కట్టుకుంటాడు.”

సుమ్నే ఉండడం, అంటే ఊరుకోవడం, నా వంశంలో లేదు. ఆమె తలెత్తని ఆ మిషను వైపు చూశాను. దారం ఉండ నుంచి బయలుదేరి, మిషను ముఖం మీద రెండు మెరిసే బిళ్ళల నడుమ దూరి, ఒకే బిగువుతో సూదిలోకి దిగుతోంది. బిళ్ళల వెనక స్ప్రింగు, ముందర తిప్పే మర. ప్రపంచంలో నాకు కావలసినదంతా నా ఇంట్లోనే, నా పెళ్ళాం ముక్కు ముందర ఉంది. అడిగితే ఇవ్వదని తెలుసు. అందుకని అడగలేదు.

మరునాడు ఆయుధపూజ. మా వైపు ఆ రోజున పనిముట్లన్నిటికీ పూజ. అమ్మ గోడవారన ముగ్గు వేసి గడ్డపార, కొడవలి, కత్తిపీట, నా సైకిలు వరసగా పెట్టింది. నడిమధ్య పెళ్ళికూతురిలా హంపమ్మ మిషను. పసుపు, కుంకుమ, చేమంతి దండ. నా ఆఫీసు కలానికి కూడా బొట్టు పెట్టింది, అది కూడా టెంపరరీ అని తెలియక. బొట్టు పెట్టిన పనిముట్టును విజయదశమి వెళ్ళేదాకా ముట్టకూడదు. ఏడాదంతా మనకోసం అరిగింది, రెండు రోజులు దాని మానాన దాన్ని పడుకోనివ్వాలి అంటారు.

“ఎల్లుండి పరీచ్చలోనే మొదటి కుట్టు ఎయ్యి పాపా,” అంది అమ్మ కోడలితో. “పూజ ఎత్తినంక మొదటి పని మంచి పని అయితే ఏడాదంతా మంచిదే.”

“అట్లే అత్తా,” అంది హంపమ్మ. మిషనుకు దండం పెట్టుకుంది.

ఆ మాట వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. అంటే రెండు రోజులు ఎవరూ మిషను ముట్టరు. ఆ రెండు రోజులూ బిళ్ళలు నావి. చూశారా, దేవుడి పండగలో కూడా నాకు రెండు రోజుల అద్దెసామాను కనబడింది.

మధ్యాహ్నం అత్తాకోడళ్ళిద్దరూ ఇరుగుపొరుగు ఇళ్ళకి తాంబూలానికి వెళ్ళారు. నేను మిషను ముందు కూర్చున్నాను. మొదట దండం పెట్టుకున్నాను, అంత పాపిష్టివాణ్ణేం కాదు. తరవాత కత్తి మొనతో మర తిప్పాను. మర వచ్చింది, స్ప్రింగు వచ్చింది, రెండు బిళ్ళలు వచ్చాయి, వాటి వెనక దాక్కుని ఉన్న చిన్న వంకీతీగ ఒకటి, వెంట్రుకంత సన్నంది, ఎగిరి నా ఒళ్ళో పడింది. అన్నీ తీసుకుని పెట్టెకి బిగించాను.

ఇల్లు పీకి పందిరి వేశారని సామెత. నా పందిరి మాత్రం ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. దారం బిళ్ళల మధ్య నుంచి మెత్తగా, ఒకే బిగువుతో వచ్చి, నూనె రాసి దువ్విన జడలాగా కర్ర మీద పడుకుంటోంది. రింగు వెనక రింగు. దొరగారి చుట్టుకంటే నా చుట్టే బాగుంది. నేను కట్టిన రింగుల్ని నేనే ముద్దు పెట్టుకున్నాను.

అమ్మ తిరిగి వచ్చి చూసింది.

“పూజ పొద్దు పన్జేస్తాండావేందిరా?”

“పని కాదమ్మా, సరదా.”

“ఆ బిళ్ళలు యాడివి?”

“ఆఫీసువి.”

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

విజయదశమి మధ్యాహ్నం వార్నిషు పూసి కర్ర ఆరబెట్టాను. సాయంత్రం అత్తాకోడళ్ళు బన్నిచెట్టు, అంటే జమ్మిచెట్టు, పూజకి వెళ్ళగానే బిళ్ళలు మళ్ళీ మిషనుకి పెట్టడానికి కూర్చున్నాను. ఏది ముందు? స్ప్రింగు ముందా, బిళ్ళ ముందా? బిళ్ళలు రెండూ కొంచెం వంపుగా ఉన్నాయి, ఆ వంపులు ఎదురెదురుగా ఉండాలా, వెన్ను వెన్ను ఆనాలా? విప్పేటప్పుడు చూసి ఉంటే కదా. ఎలా తోస్తే అలా దూర్చి మర బిగించాను. అంతా సరిపోయింది, వంకీతీగ ఒకటి మిగిలింది. ఏ యంత్రం విప్పి బిగించినా చివర ఒకటి మిగలడం మగవాళ్ళ ఇళ్ళలో ఆనవాయితీ. వెంట్రుకంత ముక్క ఏం చేస్తుందిలే అని చొక్కా జేబులో వేసుకున్నాను. నా వేలిముద్రల చోట చెదిరిన కుంకుమ చూసి, మళ్ళీ నేనే కొత్తగా బొట్టు పెట్టాను. దొంగతనం చేసిన ఇంటికి ముగ్గు కూడా వేసిపోయే దొంగని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

వాళ్ళు తిరిగి వచ్చారు. హంపమ్మ నా చేతిలో బన్ని ఆకు పెట్టింది. “బంగారం బావా,” అని వంగి నా కాళ్ళు ముట్టుకుంది. మా వైపు అదే ఆచారం, ఆ ఆకే బంగారం. ఆకు తీసుకెళ్ళి వెంటనే దేవుడి గూట్లో పెట్టేశాను.

పరీక్ష రోజు పొద్దున మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాను. “ఒకసారి తిప్పి చూడరాదా హంపీ,” అన్నాను, మెల్లగా, వినబడకపోతే బాగుండునన్నట్టు.

“పూజ చేసిన మిషను కదా బావా. మొదటి కుట్టు ఆడనే. అత్త చెప్పె కదా.”

నేను ఇంకొక్క మాట అని ఉండాలి. అనలేదు. పైగా నాకు ఊపిరి తేలిక అయింది.

పరీక్ష కంటోన్మెంట్‌లో ఒక పాత బంగళాలో. మిషను నేనే నెత్తిన పెట్టుకుని మోసాను. చంకలో పాత కాగితాల్లో చుట్టిన గాలం కర్ర. ఇంజనీరుగారి ఇల్లూ ఆ పక్కనే, పదకొండు గంటలకి రమ్మన్నాడు. హంపమ్మ ఇస్త్రీచీర కట్టుకుని, కత్తెరా టేపూ సంచిలో వేసుకుని లోపలికి వెళ్ళింది. నేను వరండాలో కూర్చున్నాను. జేబులో వంకీతీగ ఉంది. చొక్కా మార్చుకోలేదు.

లోపల పది మిషన్లు ఒకేసారి మొదలయ్యాయి. వాటిలో ఒకటి కాసేపు తిరిగి ఆగుతోంది. మళ్ళీ తిరుగుతోంది, మళ్ళీ ఆగుతోంది. ఏది ఎవరిదో చూడకుండానే నాకు తెలిసింది. పరీక్ష పెట్టే అమ్మగారి గొంతు వినబడింది.

“ఏమమ్మా, దారం ఎక్కించనే రాదా నీకు? కిందంతా ముడులు పడతాండాయి చూడు.”

“వస్తాది మేడమ్. ఈపొద్దే ఇట్లయితాండాది.”

“అందరూ అదే అంటారమ్మా.”

లేచి నిలబడ్డాను. గడప దాకా వెళ్ళాను కూడా. లోపలికి పోయి ‘మేడమ్, తప్పు మిషనుది. మిషను చెడగొట్టిన తప్పు నాది. ఇదిగో దాని తీగ’ అంటే చాలు. వేరే మిషను ఇచ్చేవాళ్ళేమో, ఇంకొంచెం టైమిచ్చేవాళ్ళేమో. పది మంది ఆడవాళ్ళ ముందు నా తెలివి బయటపడేది. అంతకు మించి నాకేమీ అయ్యేది కాదు. బంగళా గడియారం పదకొండు కొట్టింది. నేను గాలం కర్ర చంకన పెట్టుకుని ఇంజనీరు ఇంటికి వెళ్ళాను.

ఆయన కాగితం విప్పి కర్రను అటూ ఇటూ తిప్పాడు. వేలితో దారం తడిమాడు. “చెన్నాగిదె,” అన్నాడు. బాగుంది అని. “యారు మాడిద్దు?”

ఎవరు చేశారని అడిగితే నేనే అని చెప్పుకున్నాను. ఆయన వీపు తట్టాడు. కాఫీ కూడా ఇప్పించాడు. తాగాను.

తిరిగి వచ్చేసరికి హంపమ్మ బంగళా మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన మిషను, ఒళ్ళో సగం కుట్టిన గౌను. గౌను వెనక దారం పిచ్చుకగూడులా ముద్దకట్టి ఉంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది.

“నా చెయ్యి వణికింది బావా. ఆరునెల్లు వణకని చెయ్యి ఈపొద్దే వణికింది.”

“పోనీలే హంపీ. మళ్ళా పడతాది పోస్టు.”

ఇంతే అన్నాను. మిషను నెత్తిన పెట్టుకుని నడిచాను. దారి పొడవునా నా జేబులో తీగ గుచ్చుకుంటూనే ఉంది.

మరునాడు నూనె వేయిస్తానని చెప్పి మిషను ఖాదర్ సాబు దగ్గరికి మోసుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మర విప్పాడు. లోపల చూసి నాలుక చప్పరించాడు.

“ఎవడప్పా దీన్ని ఖోల్‌చేసింది? బిళ్ళలు ఉల్టా ఏసినాడు. దారానికి బిగువు యాడుంటాది? ఈడ ఒక తార్ ఉండల్ల, అది భీ లేదు.”

నేను జేబులోంచి తీగ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన తీగ వంక చూశాడు. నా వంక చూశాడు. తీగ పెట్టి, బిళ్ళలు తిరగేసి, మర బిగించి, గుడ్డముక్క మీద ఒక గీత కుట్టి చూశాడు.

“ఆయమ్మకు చెప్పప్పా, ఆయమ్మ చేతిలో తప్పు లేదని. నువ్వు చెప్పలేకుంటే తోలిరా, నేను చెప్తా.”

“నేనే చెప్తాలే ఖాదర్ సాబూ.”

దారిలో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఇంటికి రాగానే మిషను దించి, మాటల్ని గడప బయటే వదిలేశాను. సరే, మిషను బాగయింది కదా, చేసిన చెడు చెరిగిపోయింది కదా, ఇక చెప్పడం దేనికి అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. నేను ఆకులు నా చేతులకి పట్టుకున్నాను. కాలినవి ఆమె చేతులు.

హంపమ్మ మిషను ముందు కూర్చుని ఒక పాతగుడ్డ మీద కుట్టు వేసింది. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. నాకు ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది. ఆమె గుడ్డ తిరగేసి చూసింది, మళ్ళీ ఒక కుట్టు వేసింది. అదీ బాగానే వచ్చింది. అప్పుడు మిషను మీద మూత పెట్టింది.

“మిషనులో ఏమన్నా తప్పుండాదేమో అనుకుంటి బావా. బంగారంలా ఉండాది. అట్లయితే తప్పు నా చేతిదే.”

తప్పు మిషనుదని రుజువు చేయగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని నేనే తీసుకెళ్ళి బాగుచేయించి తెచ్చాను. ఇంత తెలివైన పని నా జీవితంలో ఇంకొకటి చేయలేదు.

పై ఏడు మళ్ళీ ఆ పోస్టు పడింది. కాగితం తెచ్చి చూపించాను. “వద్దు బావా. మళ్ళా పదిమంది ముందర నగుబాటు కాలేను,” అంది. తరవాత కొన్నాళ్ళకి మిషను తన చెల్లెలికి ఇచ్చేసింది. ఆ తరవాత మా ఇంట్లో గుండీ ఊడినా బజారుకే వెళ్ళింది.

నా ఉద్యోగం అంటారా, పర్మనెంటు అయింది. లిస్టు దసరాకి నెల ముందే పైకి వెళ్ళిందట, అందులో నా పేరు ఉందట. అంటే నేను వెదురు కోసం మేదర వీధికి పోకముందే నా కాలు నేల మీద గట్టిగా ఉంది. ఎవరూ చెప్పలేదు. ఇంజనీరుగారికి కూడా గుర్తు లేదు, ఆయన ఏ కాగితం మీద సంతకం చేసినా మనసు కాలువలో ఉండేది.

ఇలా పదేళ్ళు గడిచాయి. ఈలోగా మాకు పుట్టిన పాప ఒకనాడు బడి నుంచి వచ్చి, చేతిరుమాలు అంచు కుట్టి తెమ్మన్నారు, నేర్పించమ్మా అని వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది. హంపమ్మ దాని తల నిమిరి అంది:

“నాకు రాదు పాపా. నాది వణికే చెయ్యి. నీకు పక్కింటామె చెప్తాది పో.”

నేను గోడకి ఆనుకుని పేపరు చదువుతున్నాను. పదేళ్ళుగా ఆమె ఆ మాట నమ్ముతూ బతికింది. ఇప్పుడు దాన్ని పిల్లకి కూడా నేర్పుతోంది. నాకు నా మీద అసహ్యం వేసింది. పాప బయటికి వెళ్ళాక పేపరు పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను. సబ్బుపెట్టె, పంచాంగం, బిళ్ళలు, నేను పెట్టిన దొంగబొట్టు, జేబులో తీగ, గడప దాకా వెళ్ళి తిరిగి రావడం, ఖాదర్ సాబు మాట, అన్నీ.

హంపమ్మ చాట ముందేసుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. చేతులు ఆగాయి. చాలాసేపు తన చేతుల్నే చూసుకుంది, వాటిని ఎవరో అరువు తీసుకెళ్ళి ఇప్పుడు తిరిగి ఇచ్చినట్టు.

“ఆ పొద్దే చెప్పింటే నేను మళ్ళా ఏడు పోయిందును కదా బావా.”

“భయపడితి హంపీ.”

“ఏమిటికి? నేనేమన్నా కొడుదునా?”

ఆమె మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి అడిగింది:

“ఆ కట్టెతో ఆయప్ప ఎన్ని చాపలు పట్టినాడు?”

ఈ ప్రశ్న వస్తుందని పదేళ్ళుగా భయపడుతూనే ఉన్నాను. ఇక దాచడం దేనికి.

“ఒకటీ పట్టలేదు. అది బరువెక్కువ అని ఆ పండగ నెల్లోనే కొత్తది తెప్పించుకున్నాడు. నేను ఒకసారి ఫైలు సంతకానికి వాళ్ళింటికి పోయింటి. వాళ్ళమ్మ ఆ కట్టెకు కొసన పాతగుడ్డ కట్టి ఇంట్లో పైకప్పుకు బూజు దులుపుతాండె.”

హంపమ్మ తలెత్తింది.

“అంటే, నా ఉద్యోగంతో బూజు దులిపినారా బావా?”

అని నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను, ఆమె ఎప్పుడు ఆపేసిందో చూడలేదు.

కావున ఇందుమూలంగా చదువరులందరి ఎదుట, ఉభయ వంశాల పెద్దల సాక్షిగా, తిప్పారెడ్డి అను నేను ప్రతిజ్ఞ చేయునదేమనగా: నేను ఈ జన్మలో ఇంకొకరి పనిముట్టు మర తిప్పను. అడగకుండా ముట్టను. చుట్టడం, కట్టడం, బిగించడం అనే మూడు పనులూ నా తలపాగాతో మొదలై దానితోనే ముగియును. చేసిన తప్పు చేసిన పొద్దే, అన్నం తినకముందే, నోరు తెరిచి చెబుతాను.

ప్రతిజ్ఞ కాగితం హంపమ్మకు చదివి వినిపించాను. మొత్తం విని, “అన్నీ బానే ఉండాయి బావా,” అంది. “నాకిప్పుడు ముప్పై అయిదేండ్లు. ఆ పోస్టుకు ముప్పై దాటినోళ్ళను తీసుకోరు.”